రెండో పుట్టినరోజు కేకు

ఈ మధ్య నా బొటనవేలు నన్ను గుర్తుపట్టడం మానేసింది. పింఛను తీసుకునే ప్రతివాడూ ఏడాదికోసారి వేలిముద్ర వేసి, తాను ఇంకా బతికే ఉన్నానని ఒప్పించాలి. ముప్పై రెండేళ్ళు స్టీలు ప్లాంటు టైమ్ ఆఫీసులో కూర్చుని ఊరందరి హాజరూ రాసినవాణ్ణి. ఇప్పుడు మద్దిలపాలెం జంక్షన్లో ఒక నెట్ సెంటరులో, అగ్గిపెట్టెంత యంత్రం ముందు నిలబడి, నా హాజరు నేను వేయించుకోలేకపోతున్నాను. వేలు తుడిచాను. కొబ్బరినూనె రాశాను. ఆ నూనె మళ్ళీ తుడిచాను. ఎడమచేతి వేలు కూడా పెట్టి చూశాను గానీ, అది మొదటినుంచీ నాతో అంత చనువుగా ఉండే వేలు కాదు. సెంటరులో కూర్చునే అమ్మాయి మర్యాదస్తురాలు. యంత్రం ఒప్పుకోకపోయినా నన్ను కుర్చీలో కూర్చోమంది.

"వేలు సంగతి తర్వాత సూద్దాం అంకుల్. మీ ఆధార్లో ఒక పుట్టినతేదీ ఉంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకోటుంది. ఏది కరెక్టు?"

"రెండూ కాదమ్మా."

"అయితే అసలుదేదో తెండి. ముందు అది మార్పించాల."

"నేనే వచ్చాను గదమ్మా."

"మీరొస్తే ఏటవుద్ది అంకుల్, కాయితం గావాల."

నా పుట్టుకకు కాగితం ఎక్కడైనా ఉంటే అది కంచరపాలెంలో మా అప్ప ఇంట్లోనే ఉండాలి. అప్పంటే మా వైపు అక్క. పేరు సుగుణ, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. నర్సుగా పనిచేసి రిటైరైంది. నాన్న పోయాక ఆయన పెట్టె ఆవిడ మంచం కిందికి చేరింది. ఆకుపచ్చ రంగు రేకు పెట్టె. నాన్న పోర్టుకు మొదటిరోజు డ్యూటీకి వెళ్ళినప్పుడు కొన్నదట. నేను దాన్ని బయటికి లాగుతుంటే అప్ప మంచం మీదనుంచి, "మెల్లగా లాగు, నడుం పట్టీగలదు. బతికున్నావని రుజువు సెయ్యబోయి సచ్చిపోగలవు," అంది. రైలుకట్ట మీద గూడ్సు వెళుతోంది. మేం పెరిగిందీ ఆ ఇంట్లోనే. అక్కడ గూడ్సు వెళ్ళేటప్పుడు ఎవరూ మాట్లాడరు, చిన్నప్పటినుంచీ అలవాటు. ఎంత పెద్ద గొడవైనా పెట్టెలన్నీ దాటేదాకా ఆగి, ఆగిన మాట దగ్గరే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

పెట్టెలో నాన్న ఖాకీ చొక్కా ఒకటి, కళ్ళజోడు ఒకటి, ఆయన బైబిలు. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య కుటుంబ వివరాలు రాసుకోవడానికి ఖాళీ పేజీలుండే రకం అది. జననములు, వివాహములు, మరణములు అని అచ్చువేసి, కింద గీతలు గీసి ఉంటాయి. వివాహములు నిండాయి. మరణములు నిండుతున్నాయి. 'జననములు' అన్న చోట మాత్రం నాన్న స్కేలు పెట్టి ఆ మాట కొట్టేసి, పైన తన గుండ్రటి చేతిరాతతో 'రెండో జననములు' అని రాసుకున్నాడు. దాని కింద నాలుగు పేర్లు. నాన్న, అమ్మ, అప్ప, నేను. ప్రతి పేరు పక్కనా బాప్తిస్మం తీసుకున్న తేదీ. మొదటి మూడూ నీలం సిరాతో ఉన్నాయి. నాలుగోది, నాది, పెన్సిలుతో ఉంది.

ఆధార్ వాళ్ళకు ఇది పనికిరాదని నాకు తెలుసు. అయినా ఆ పేజీ మూసెయ్యలేకపోయాను.

మా ఇంట్లో పుట్టినరోజులు చేసేవారు కాదు. పోర్టులో క్రేను నడిపే మా నాన్న మామూలు విషయాల్లో మెత్తని మనిషి. ఈ ఒక్క విషయంలో మాత్రం క్రేను కొక్కెంలా ఎక్కడ ఆగాడో అక్కడే ఉండేవాడు. "బైబిలంతా ఎతుకు. పుట్టినరోజు పండగలు రెండే ఉన్నాయి. రెండింట్లోనూ శవం లేసింది," అనేవాడు. ఆ మాట నిజమే, తర్వాత నేనూ వెతికాను. ఒకటి ఫరో పుట్టినరోజు. ఆ రోజు రొట్టెలు చేసేవాళ్ళ పెద్దను ఉరితీశారు. రెండోది హేరోదు పుట్టినరోజు. ఆ రోజు ఒక ప్రవక్త తల పళ్ళెంలో పెట్టి తెచ్చారు. "అంటే ఏటి? కేకు సేసినోడికి ఉరి, వాక్యం సెప్పినోడికి పళ్ళెం," అని నాన్న ముగించేవాడు. ఇంట్లో కేకు చేసేది అమ్మ. నాన్న ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ మైదా జల్లించడం ఒక్క క్షణం ఆపి, మళ్ళీ జల్లించేది. ఇది చాలదన్నట్టు యోబు సంగతి ఉండనే ఉంది. అంత భక్తిపరుడే తాను పుట్టిన రోజును కూర్చుని తిట్టుకున్నాడు, ఇక కంచరపాలెంలో మనం బెలూన్లు కట్టడమేమిటని నాన్న వాదన.

"మరి క్రిస్మస్సో?" అని నేనొకసారి అడిగాను. తొమ్మిదేళ్ళుంటాయేమో. నాన్న గ్లాసెడు టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ఆయనకి రెండోసారి పుట్టవలసిన పని నేదు. అందుకని మొదటిదే సేత్తాం. నీకు పనుంది," అన్నాడు.

అందువల్ల నా అసలు పుట్టినరోజు ఎవరికీ తెలియదు. అమ్మను అడిగితే, "గోధుమల ఓడొచ్చిన రోజు. మీ నాన్నకి డబుల్ డ్యూటీ, ఆస్పత్రికి రాలేదు," అనేది. ఆ ఓడ ఎప్పుడొచ్చిందో ఆవిడకు గుర్తులేదు, నాన్న రాలేదన్నది మాత్రం బాగా గుర్తుంది. బళ్ళో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు తేదీ అడిగితే, నాన్న "దేవుడికి తెలుసండి" అన్నాడట. ఆయన్ను సంప్రదించే వీలు లేక హెడ్మాస్టరు గారు జూన్ ఒకటి అని వేశారు.

మా ఇంట్లో చేసేది రెండో పుట్టినరోజు. నీళ్ళలో మునిగి, కొత్త మనిషిగా లేచిన రోజు. ఆ రోజు పొద్దున్నే అమ్మ మంచం కిందనుంచి పెద్ద రేకు డబ్బా తీసేది. అందులో సముద్రపు ఇసుక ఉండేది. దాన్ని మందపాటి గిన్నెలో పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, ఇసుక వేడెక్కాక పిండి పోసిన చిన్న గిన్నెను అందులో కూర్చోబెట్టి, మూతమీద నిప్పులు వేసేది. గంటసేపు ఇల్లంతా కిరసనాయిలు, కాలిన ఇసుక, గుడ్డు, యాలకులు కలిసిన వాసన. ఇప్పటికీ మే నెలలో బీచ్‌రోడ్డు మీద నడుస్తుంటే నాకు ఆకలేస్తుంది. కేకు చల్లారాక ఇసుకను జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలోకి పోసేవారు. మూడు మైళ్ళ దూరంలో సముద్రమంత ఇసుక ఉన్నా, మా అమ్మకు ఆ ఇసుకే కావాలి. అది బాగా అలవాటైన ఇసుకట.

కేకు సంగతి అలా ఉంచి, ఆ రోజు ఇంకొకటి జరిగేది. నాన్న వడ్డించేవాడు. పోర్టునుంచి వచ్చాక గుమ్మం బయటే చొక్కా విప్పి దులిపేవాడు. ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా లేచేది. ఎంత కడిగినా ఆయన గోళ్ళలో ఆ ఎరుపు పోయేది కాదు. మామూలు రోజుల్లో కూర్చున్న చోటికి మంచినీళ్ళు కూడా తెచ్చుకోని మనిషి, ఆ రోజు మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని, గరిటె పట్టుకుని, ఎవరి రోజైతే వాళ్ళను తన కుర్చీలో కూర్చోబెట్టి, పేరుపెట్టి ప్రార్థన చేసి, మొదటి ముక్క తనే పళ్ళెంలో పెట్టేవాడు. అమ్మ రోజున అమ్మకు. అప్ప రోజున అప్పకు. నేను పక్కన చాపమీద కూర్చుని మూడో నాలుగో ముక్క తినేవాణ్ణి. నాకు రోజు లేదు. పన్నెండేళ్ళు వచ్చాయి, ఇంట్లో అధికారికంగా ఇంకా పుట్టని మనిషిని నేనొక్కణ్ణే.

పుట్టాలంటే ముందు పాస్టరు గారి ఎదుట, సంఘ పెద్దల ఎదుట సాక్ష్యం చెప్పాలి. చేసిన పాపాలు ఒప్పుకోవాలి. నాకు చెప్పుకోదగ్గ పాపాలు లేవు. అందుకని పక్కింటి అప్పలరాజువి వాడుకున్నాను. వాడు గూడ్సు పెట్టెల్లోంచి బొగ్గు తీసేవాడు, బడి ఎగ్గొట్టి సినిమాకి వెళ్ళేవాడు, వాళ్ళ తాత పారేసిన బీడీ ముక్కలు పీల్చేవాడు. అవన్నీ నేనే చేసినట్టు చెప్పాను. సాక్ష్యం ఎలా చెప్పాలో పెద్దవాళ్ళను విని నేర్చుకున్నవాణ్ణి గనుక, "పూర్వం నేను చాలా ఘోరమైన జీవితం జీవించాను" అని మొదలుపెట్టాను. ఊపులో, తాగుడు కూడా మానేశానని చెప్పాను. పాస్టరు గారు కళ్ళు మూసుకుని "స్తోత్రం" అన్నారు. నాన్న కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తూ కూర్చున్నాడు.

చర్చిలో తొట్టికి బీట పడటం వల్ల ఆ ఏడాది బాప్తిస్మాలు సముద్రంలో పెట్టారు. పాస్టరు గారికి ఈత రాదు. అందుకని ఒక జాలరిని మాట్లాడారు. అతని పని మొలలోతు నీళ్ళలో వెనక నిలబడి పాస్టరు గారి నడుం పట్టుకోవడం. నా వంతు వచ్చేసరికి ఆయన ఒక చెయ్యి నా వీపు మీద, ఒక చెయ్యి పైకి ఎత్తి, "తండ్రి యొక్క..." అని మొదలుపెట్టారు. వెనకనుంచి జాలరి, "అయ్యగారూ, కెరటం వొత్తంది, బేగి కానీండి," అన్నాడు. పాస్టరు గారు బేగి కానిచ్చే మనిషి కాదు. కెరటం వచ్చి నన్ను తీసుకుపోయింది. నేను నీళ్ళలో బోర్లా దొర్లుతుండగా పైన ఆయన తక్కిన మాటలన్నీ సక్రమంగా, ఖాళీ చేతుల మీద పూర్తిచేశారని తర్వాత అప్ప చెప్పింది. జాలరి నన్ను జుట్టు పట్టుకుని పైకి లేపాడు. ఒడ్డున అమ్మ తువ్వాలు పట్టుకుని, నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొత్త మనిషిగా నేను అన్న మొదటి మాట, "అమ్మా, కేకు పెట్టేసేవా?"

సాయంత్రం నాన్న నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నా కాళ్ళు నేలకు అందలేదు. చెవుల్లో ఇంకా ఉప్పునీళ్ళు గుయ్యిమంటున్నాయి, అందువల్ల నా పేరుమీద చేసిన ప్రార్థన సగమే వినబడింది. మొదటి ముక్క పళ్ళెంలో పెట్టాడు. నేను ఒక్కసారే నోట్లో కుక్కుకోబోతే, "మెల్లగా తిను. తొందరేటి నేదు," అన్నాడు.

మర్నాడు అప్పలరాజుకు ఒక ముక్క పట్టుకెళ్ళి, గొప్పకు పోయి జరిగిందంతా చెప్పేశాను. వాడు కేకు పూర్తిగా తిన్నాకే కోపం తెచ్చుకున్నాడు.

"ఒరే బావా, పాపాలు నావి, కేకు నీదా?"

"ఇచ్చాను గదా."

"కేకు సంగతి కాదురా. మా ఇంట్లో ఎవలికీ తెలీనివి అక్కడ అందరికీ సెప్పీసినావు. సరే, ఒగ్గీ. ఇప్పుడు నా పాపాలు పోయినట్టా, ఉన్నట్టా? మీ పాస్టరు గార్ని కనుక్కుని సెప్పు."

నేను కనుక్కోలేదు. వాడు గాజువాకలో ముప్పై ఏళ్ళు ఆటో నడిపి, ఇప్పుడు కొడుక్కి ఇచ్చేశాడు. కనిపించినప్పుడల్లా ముందు టీ చెబుతాడు, తర్వాత "ఏటి బావా, కనుక్కున్నావా?" అంటాడు. మతం మీద ఇంత పట్టుదలగా ఆలోచించే మనిషి మా సంఘంలో కూడా లేడు.

ఏడాదికేడాది నా రోజు వచ్చేది, ఇసుక డబ్బా బయటికొచ్చేది, నాన్న వడ్డించేవాడు. నేను డిగ్రీ చదివాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఆ తేదీన ఎక్కడున్నా కంచరపాలెం వచ్చి కుర్చీలో కూర్చునేవాణ్ణి. చేతులు వణకడం మొదలయ్యాక నాన్న గరిటెతో కాకుండా ముక్క నేరుగా చేత్తో పెట్టేవాడు. ఆ రోజుల్లో నాకు లోపల ఏమైనా మారిందా అని ఎవరైనా అడిగి ఉంటే, బాగానే ఉందని చెప్పి ఉండేవాణ్ణి. ఎవరూ అడగలేదు. సంఘంలో మాత్రం సెక్రటరీని చేశారు.

ఆ సెక్రటరీ పని ఇప్పటికీ నాదే. ఆదివారం ప్రకటనల్లో ఆ వారం పుట్టినరోజుల జాబితా చదువుతాను. పేరు చదవగానే వాళ్ళు ముందుకొస్తారు, కానుక కవరు వేస్తారు, అందరూ చప్పట్లు కొడుతూ పాట పాడతారు. ఇవన్నీ మొదటి పుట్టినరోజులే. రెండోవాటి జాబితా అడిగితే ఎవరి దగ్గరా లేదు. మొన్న ఒక ఏడాది బిడ్డ పుట్టినరోజుకు గాజువాకలో ఫంక్షన్ హాలు తీసుకున్నారు. బెలూన్లతో ద్వారం కట్టారు. మూడంతస్తుల కేకు మీద బిడ్డ ఫొటో ఉంది. పాస్టరు గారు, ఇప్పటి కుర్రాయన, కేకు కోసే ముందు నాలుగు మాటలు చెప్పమంటే నికోదేము గురించి మొదలుపెట్టారు. రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చి, ముసలివాడు మళ్ళీ ఎలా పుడతాడండీ అని అడిగిన పెద్దమనిషి. నలభై నిమిషాలైంది. పై అంతస్తు క్రీము జారి బిడ్డ ఫొటోలో ఒక కన్ను కిందికి దిగింది. జనం ఆ కన్నునే చూస్తున్నారు. నేను మాత్రం ఆ పెద్దమనిషి గురించి ఆలోచించాను. అందరూ ఆయన్ను తెలివితక్కువవాడిలా చెబుతారు గానీ, అది న్యాయమైన అనుమానం. టైమ్ ఆఫీసు మనిషైతే మొదట అడిగేది అదే.

వాళ్ళను తప్పుపట్టడం లేదు. ఆ బిడ్డకు అసలు తేదీ ఉంది, కాగితం ఉంది, రేపు వేలిముద్రా పడుతుంది. మా నాన్న నాకు ఇవేవీ ఇవ్వలేదు. ఏడాదికోసారి తన చేత్తో ఒక ముక్క పెట్టాడు, తర్వాత ఈ పేజీలో నా పేరు పెన్సిలుతో రాశాడు. ఎందుకన్నదే నాకిప్పుడు పట్టుకుంది. కెరటం ముందే ముంచేసింది గనుక లెక్కలోకి రాదనా? అప్పలరాజు పాపాలని కనిపెట్టా? కేకు అడగడం వినా? మూడింటిలో ఏదైనా చాలు. చక్కగా, బైబిలు సాక్షిగా, నాన్న నన్ను నమ్మలేదు. నమ్మకుండానే ఇరవై ఆరేళ్ళు వడ్డించాడు.

అప్పకు పేజీ చూపించాను.

"నాన్నకి తెలుసన్నమాట."

"ఏటి?"

"నేను ఉత్తినే మునిగానని."

"నీ సాక్ష్యం విన్నోళ్ళందరికీ తెలుసురా. పన్నెండేళ్ళ గుంటడు తాగుడు మానీసాడంటే ఎవలు నమ్ముతారు? అమ్మ ఇంటికొచ్చి డొక్కలు నొక్కుకుని నవ్వింది." అప్ప కళ్ళజోడు పెట్టుకుని పేజీని దగ్గరికి తీసుకుంది. "ఆ రేత్రి రాయడానికి నా పెన్నే అడిగాడు. ఇచ్చాను. నీ పేరు కాడికొచ్చి ఆగిపోయి, ఇది ఒద్దు, పెన్సిలియ్యి అన్నాడు. ఎందుకు నాన్నా అన్నాను. ఆడే వొచ్చి సిరాతో దిద్దుకుంతాడు అన్నాడు."

నేను పేజీని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. మూల మీద నాన్న బొటనవేలి ముద్ర ఎర్రగా ఉంది. ఏ యంత్రమైనా ఒప్పుకునేంత స్పష్టంగా ఉంది. అప్పుడు గమనించాను. యాభై ఏళ్ళు దాటిన పెన్సిలు రాత మాసిపోవాలి. ఇది నల్లగా, నిన్న రాసినట్టుంది. అక్షరాల కింద కాగితం గాడిపడి ఉంది.

"ఇదేమిటప్పా, మాసిపోలేదు?"

"ఎందుకు మాయదు? మాసిపోద్ది. ఏడాదికోసారి నీ రోజొచ్చినప్పుడు, నువ్వు తినేసి ఎల్లిపోనాక, నాన్న మళ్ళీ దాని మీదే దిద్దీవోడు."

"నాన్న పోయి పాతికేళ్ళైంది."

"నాను దిద్దుతన్నాను."

గూడ్సు వచ్చింది. పెట్టెలన్నీ వెళ్ళేదాకా ఇద్దరం అలవాటుగా ఊరుకున్నాం. మామూలు కన్నా పెద్ద గూడ్సు. దాటిపోయాక, అప్ప కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటుంటే, నాకు ఏదో ఒకటి అనాలనిపించి, ఈ వయసులో కొత్తగా పుడితే మళ్ళీ ఆధార్ మార్పించుకోవాలప్పా, ఆ అమ్మాయి ఊరుకోదు అన్నాను. అప్ప నవ్వలేదు. బైబిలు తెరిచి ఉన్నది ఉన్నట్టే నా ఒళ్ళో పెట్టింది.

"హాజరు రాసినన్నాళ్ళూ పెన్ను నీ జేబులోనే ఉంది. ఇప్పుడూ ఉంది. పెన్సిలు పట్టడానికి నాకింక వేళ్ళు వంగడం నేదురా."